మొదటి ఎలక్ట్రిక్ గిటార్ తర్వాత ఏది కొనాలి? మండపాల్లో, చర్చిల్లో వాయించేవాళ్ల కోసం ఒక పోలిక

పోయిన వినాయక చవితికి హన్మకొండలో ఒక గల్లీ మండపంలో వాయిస్తున్నాం. మాతో కొత్తగా కలిసిన తమ్ముడు తన గిటార్ జాక్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని ఒకటే మోత. కేబుల్ మార్చాం, జాక్ తుడిచాం, ప్రాసెసర్ తీసేసి నేరుగా మిక్సర్‌కి కలిపి చూశాం. తగ్గలేదు.

"అన్నా, గిటార్ ఖరాబైనట్టుంది. కొత్తది కొనాల్సిందే" అన్నాడు.

వాణ్ని భుజాలు పట్టుకుని గిటార్‌తో సహా మెల్లగా పక్కకి తిప్పాను. మోత తగ్గుతూ తగ్గుతూ దాదాపు పోయింది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ వచ్చింది. చూస్తే ఎదురుగా పందిరి రాటకి చుట్టిన సీరియల్ బల్బులు, వాటి కింద కంట్రోలర్ డబ్బా. గిటార్ ఖరాబు కాలేదు, దాని పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) రకమే అంత. ఆ రాత్రంతా వాడు జనానికి సగం వీపు చూపిస్తూ వాయించాడు.

కొత్తది కొనాలన్న కోరిక మాత్రం వాడికి అప్పటికే పట్టుకుంది. ఫోన్‌లో నాలుగు గిటార్ల ఫొటోలు దాచుకున్నాడు. "ఏది బెస్ట్ అన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. "నువ్వు ఎక్కడ, ఏం వాయిస్తావు, ఎలా మోసుకెళ్తావు?" అని అడిగితే మాత్రం నాలుగింట్లో రెండు వాటంతటవే పక్కకి పోతాయి. వాడితో రెండు నెలలు మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పాతదాని సంగతి

కొత్తది చూసేముందు పాతదానికి కొత్త తీగలు వేసి ఒక్కసారి సరిగ్గా సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం) చేయించండి. బిగినర్ గిటార్ మీద మనకుండే కోపంలో సగం సెటప్ మీద చూపించాల్సింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి చూడండి. రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మామూలే. మూడు దాటితే వేళ్లు నొప్పి పుట్టడంలో వింతేమీ లేదు. అదే తీగని మొదటి ఫ్రెట్ మీదా, చివరి ఫ్రెట్ మీదా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చండి. కాస్త పట్టినట్టు దూరితే నెక్ బాగున్నట్టే. కార్డు వదులుగా ఆడుతుంటే నెక్ ముందుకు వంగిందని, లోపలున్న ట్రస్ రాడ్ బిగించాలని అర్థం. మన దగ్గర మే నెల ఎండకి చెక్క ఎండుతుంది, ఆగస్టు ముసురుకి ఉబ్బుతుంది. ఏడాదికి రెండుసార్లయినా ఈ పరీక్ష చేయాల్సిందే, గిటార్ ఐదు వేలదైనా యాభై వేలదైనా.

ఇదంతా చేశాక కూడా ట్యూనింగ్ కీలు నిలబడకపోతే, ఫ్రెట్లు గుంతలు పడితే, సౌండ్ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు మబ్బుగా ఉంటే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి. "నా గిటార్ ఫలానా పని చేయలేకపోతోంది" అని కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. మా తమ్ముడు రాసింది ఇది: "మండపంలో గుయ్‌మంటుంది, మూడు పాటలకోసారి శ్రుతి పోతుంది." రాయడానికి ఏమీ తోచలేదంటే అది అవసరం కాదు, మోజు. మోజు తప్పేం కాదు గానీ, దానికోసం అప్పు మాత్రం చేయకండి.

ఇంకొక్క మాట. మీరు వాయించేది చిన్న పది వాట్ల ప్రాక్టీస్ యాంప్‌లో అయితే, గిటార్ మార్చినా పెద్ద తేడా వినపడదు. అలాంటివాళ్లు ముందు యాంపో, ప్రాసెసరో మార్చుకోవాలి.

మోత ఎక్కడిది?

సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. అది గిటార్ తీగ కదలికని పట్టుకుంటుంది, చుట్టుపక్కల కరెంటు ఊపునీ పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే మోత 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర గట్టిగా వినిపిస్తుంది. లావు తీగ మూడో ఫ్రెట్ మీద ఉండే జీ స్వరం 98 హెర్ట్జ్. అంటే మండపం మోత జీ కంటే పిసరంత పైన ఉంటుందన్నమాట. జీ స్కేల్ పాట అందుకున్నప్పుడు ఆ మోత శ్రుతిలో ఉన్నట్టే ఉండి, ఉండకుండా ఉంటుంది. ఆ చిరాకు అనుభవించినవాళ్లకే తెలుసు.

దీనికి మందుగా గిబ్సన్ కంపెనీ ఇంజినీర్ సెత్ లవర్ 1955లో రెండు కాయిల్స్‌ని ఎదురెదురు పద్ధతిలో కలిపాడు. తీగ శబ్దం రెండింట్లో కలిసి పెరుగుతుంది, కరెంటు మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అదే హంబకర్. సౌండ్ లావుగా, వెచ్చగా వస్తుంది. కానీ సింగిల్ కాయిల్‌లో ఉండే గాజుగ్లాసు మీద కొట్టినట్టున్న ఆ స్పష్టత కొంత తగ్గుతుంది. రెండూ కావాలంటే కుదరదు, దేన్నో ఒకదాన్ని కొంత వదులుకోవాలి.

అయితే హంబకర్ అన్నిటికీ మందు కాదు. ఎర్త్ లేని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద అది కూడా బుర్రుమంటుంది. చెయ్యి తీగల మీద ఉండగా మైకు పెదవికి తగిలి చురుక్కుమందా, వెంటనే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అక్కడ ప్రాణాల సంగతి, గిటార్ సంగతి తర్వాత.

తీగ తెగితే ఏమవుతుంది?

గిటార్ కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది. నేనూ అడగలేదు. నా రెండో గిటార్‌ని రంగు చూసి, దాని ఫ్లోటింగ్ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం, ఇందులో కదిలే రకం) చూసి కొన్నాను. ఆ బ్రిడ్జ్ ఒకవైపు తీగల బిగువు, ఇంకోవైపు వెనకాల స్ప్రింగుల బిగువు సమానంగా లాగితే మధ్యలో తేలుతూ ఉంటుంది. చేతికర్రతో కిందికీ పైకీ ఊపొచ్చు. చూడటానికి భలే ఉంటుంది.

ఒక పెళ్లి సంగీత్‌లో నాలుగో పాట మధ్యలో సన్న తీగ ఠప్‌మని తెగింది. మామూలు గిటార్ అయితే మిగతా ఐదు తీగలతో పాట లాగించొచ్చు. ఇందులో ఒక తీగ పోగానే స్ప్రింగులు గెలిచాయి, బ్రిడ్జ్ వెనక్కి వాలింది, మిగతా ఐదూ ఒకేసారి శ్రుతి తప్పాయి. తీగ మార్చాలంటే నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర లాక్ విప్పాలి, దానికి అలెన్ కీ కావాలి. అది ఇంట్లో టేబుల్ సొరుగులో ఉంది. మిగతా పాటలన్నీ కీబోర్డ్ అన్న ఒక్కడే లాగాడు. నేను చప్పట్లు కొట్టాను.

అందుకే స్పేర్ గిటార్ లేనివాళ్లకి నేను ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ గానీ, మామూలు ఆరు స్క్రూల ట్రెమోలో (చేతికర్రతో ఊపే బ్రిడ్జ్) గానీ చెప్తాను. ఆ ట్రెమోలోని కూడా వెనక స్ప్రింగులు బిగించి బాడీకి ఆనించేసుకోవచ్చు. అప్పుడు తీగ తెగినా మిగతావి నిలబడతాయి.

నాలుగు గిటార్లు ఒకచోట

తమ్ముడి ఫోన్‌లో ఉన్నవి ఇవే. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి అంకెలు వేయడం లేదు. మామూలుగా పసిఫికా అన్నిటికంటే తక్కువలో వస్తుంది, ఎపిఫోన్ లెస్ పాల్ స్టాండర్డ్ అన్నిటికంటే పైన ఉంటుంది, మిగతా రెండూ మధ్యలో.

| | యమహా పసిఫికా 112వీ | స్క్వయర్ క్లాసిక్ వైబ్ స్ట్రాట్ | ఎపిఫోన్ లెస్ పాల్ స్టాండర్డ్ | ఐబనీజ్ ఆర్‌జీ 421 |
|---|---|---|---|---|
| పికప్‌లు | రెండు సింగిల్, ఒక హంబకర్ | మూడు సింగిల్ | రెండు హంబకర్లు | రెండు హంబకర్లు |
| స్కేల్ పొడవు | 25.5 అంగుళాలు | 25.5 | 24.75 | 25.5 |
| ఫ్రెట్లు | 22 | 21 | 22 | 24 |
| బ్రిడ్జ్ | మామూలు ట్రెమోలో | మామూలు ట్రెమోలో | ఫిక్స్‌డ్ | ఫిక్స్‌డ్ |
| సీరియల్ బల్బుల పక్కన | హంబకర్ మీద ఉంటే నిశ్శబ్దం | మోత ఖాయం | నిశ్శబ్దం | నిశ్శబ్దం |
| భుజానికి | తేలిక | తేలిక | బరువు | తేలిక |

స్కేల్ పొడవు అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా ఊగే తీగ పొడవు. ముప్పావు అంగుళం తేడా ఏం చేస్తుందిలే అనుకోకండి. అవే తీగలు, అదే శ్రుతి అయితే 25.5 మీద బిగువు దాదాపు ఆరు శాతం ఎక్కువ. తీగ వంచి స్వరం పైకి లాగేటప్పుడు, అంటే మనవాళ్లు "బెండ్" అనేదానికి, వేలికి ఆ తేడా తెలుస్తుంది. చిన్న చేతులవాళ్లకి లెస్ పాల్ హాయిగా అనిపించడానికి ఇదొక కారణం.

స్ట్రాట్: చర్చిలో రాజు, మండపంలో దొంగ

1954లో ఫెండర్ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ ఆకారమే మన బిగినర్ గిటార్లలో చాలావాటికి మూలం. స్క్వయర్ అదే ఫెండర్ వాళ్ల తక్కువ ధర బ్రాండ్. క్లాసిక్ వైబ్ ఆ బ్రాండ్‌లో పై మెట్టు. ఫ్రెట్ అంచులు, ట్యూనింగ్ కీలు, ఆల్నికో అయస్కాంతాల పికప్‌లు, ఇవన్నీ ఈ ధరకి బాగా ఇస్తారు.

కాజీపేట, హన్మకొండ చర్చిల్లో ఆదివారం ఆరాధనకి వాయించేవాళ్లకి నా ఓటు దీనికే. అక్కడ కీబోర్డ్ వాయించే అన్న రెండు చేతులతో మధ్య స్థాయి అంతా నింపేస్తాడు. దాంట్లోకి హంబకర్ గిటార్ దిగితే రెండూ కలిసి ముద్దగా అవుతాయి, పాడేవాళ్ల గొంతు మునుగుతుంది. స్ట్రాట్ నెక్ పికప్ మీద కొంచెం డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) వేసి వాయిస్తే గిటార్ కీబోర్డ్ మీద తేలుతుంది. అక్కడ సీరియల్ బల్బుల గోల క్రిస్మస్‌కే, అప్పుడు కొంచెం పక్కకి తిరిగితే సరి.

రోజూ మండపాలు, ఫంక్షన్ హాళ్లు తిరిగేవాళ్లు మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. మధ్య పికప్‌ని ఎదురు దిక్కులో చుట్టిన గిటార్లలో స్విచ్ రెండో, నాలుగో స్థానంలో పెడితే మోత తగ్గుతుంది. ఆ రెండూ సన్నటి సౌండ్లు. ఊరేగింపులో డిస్టార్షన్‌తో లీడ్ అందుకోమంటే ఆ సన్నదనం చాలదు. (డప్పు మొదలయ్యాక గిటార్ ఎవరికీ వినపడదన్నది వేరే సంగతి.)

లెస్ పాల్: సౌండ్ బంగారం, మెడ గాజు

ఎపిఫోన్ గిబ్సన్ వాళ్ల బ్రాండ్. గిబ్సన్ లెస్ పాల్ 1952 నాటిది, 1957లో దానికి హంబకర్లు వచ్చాయి. మహాగని బాడీ, అతికించిన నెక్, రెండు హంబకర్లు. డిస్టార్షన్ వేసి ఒక్క పవర్ కార్డ్ కొడితే చాలు, డబ్బులు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లకి, రాక్ వాయించే కాలేజీ బ్యాండ్లకి దీని తర్వాతే ఏదైనా.

మరి బాధలేంటి? మొదటిది బరువు. నాలుగు కిలోల దగ్గర ఉంటుంది. పెళ్లిలో నాలుగు గంటలు నిలబడి వాయించి, ఆ రాత్రి భుజానికి జండూబామ్ రాసుకున్న అనుభవం నాకుంది. వెడల్పు బెల్టు కొంటే కొంత నయం. రెండోది తల. దీని హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది. గిటార్ వెనక్కి పడితే మొదట నేలకి తగిలేది అదే, విరిగేది అక్కడే. స్ట్రాట్ తల దాదాపు నెక్‌తో సమంగా ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ. బండి మీద వీపుకి తగిలించుకుని తిరిగేవాళ్లు, కాజీపేటలో జనరల్ బోగీ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు దీన్ని పల్చటి సంచిలో పెట్టి తీసుకెళ్లడం సాహసమే. హార్డ్ కేస్ ఖర్చు కూడా గిటార్ ధరలో కలుపుకుని చూడండి.

మూడో తీగ తరచూ శ్రుతి తప్పుతుందని వీటి మీద ఒక ఫిర్యాదు ఉంది. నట్ గాడిలో తీగ ఇరుక్కోవడం వల్ల వచ్చే బాధ అది. గాడిలో పెన్సిల్ ముల్లు నాలుగుసార్లు రుద్దండి. నవ్వకండి, పనిచేస్తుంది.

ఆర్‌జీ: వేగం కావాల్సినవాళ్లకి

ఐబనీజ్ ఆర్‌జీ నెక్ పల్చగా, ఫ్రెట్ బోర్డ్ దాదాపు చదునుగా ఉంటుంది. వేళ్లు పరుగెడతాయి. 24 ఫ్రెట్లు, పైదాకా చెయ్యి సులువుగా వెళ్తుంది. ఎన్ఐటీలో మెటల్ బ్యాండ్ పెట్టుకున్న పిల్లలు ఇది కాకుండా ఇంకోటి కొంటే నాకు ఆశ్చర్యమే. 421 ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌తో వస్తుంది. అదే కుటుంబంలో లాకింగ్ ట్రెమోలో ఉన్న మోడల్స్ కూడా ఉన్నాయి. నా సంగీత్ కథ గుర్తుంచుకుని చూసుకోండి. గంటల తరబడి బారే కార్డ్స్‌తో రిథమ్ వాయించేవాళ్లలో కొందరికి ఈ పల్చటి నెక్ బొటనవేలి దగ్గర నొప్పి తెస్తుంది. అరగంట వాయించి చూడకుండా కొనొద్దు.

పసిఫికా: అందంగా చెప్పడానికి ఏమీ లేని మంచి గిటార్

1990 నుంచి వస్తున్న సిరీస్ ఇది. 112వీలో ఆల్డర్ బాడీ, బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండు సింగిల్ కాయిల్స్. టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ ఆగిపోయి అదీ సింగిల్‌లా పాడుతుంది (అప్పుడు మోత కూడా తిరిగొస్తుంది, అది మర్చిపోకండి). ఆదివారం చర్చిలో నెక్ పికప్, చవితి మండపంలో బ్రిడ్జ్ హంబకర్, బతుకమ్మ స్టేజీ మీద అవసరాన్ని బట్టి. ఏ ఒక్క పనిలోనూ ఇది మొదటి ర్యాంకు కాదు. స్ట్రాట్ గాజు సౌండ్ పూర్తిగా రాదు, లెస్ పాల్ లావు రాదు. కానీ ఒకే గిటార్‌తో అన్ని చోట్లకీ తిరిగేవాడికి, సెటప్ కోసం ప్రతిసారీ హైదరాబాద్ పోలేనివాడికి దీనంత తక్కువ తలనొప్పి ఇచ్చేది ఈ నాలుగింట్లో లేదు.

కొనేటప్పుడు పేరు చివరి అక్షరం చూసుకోండి. 112జే కొంచెం తక్కువ ధరలో వస్తుంది, దాంట్లో ఆ కాయిల్ మార్చే సౌకర్యం లేదు. 012 ఇంకా కింది మెట్టు, మీ దగ్గర ఇప్పుడున్న గిటార్‌కి అన్నలాంటిది. దాని కోసం డబ్బు ఖర్చు చేయడం దండగ.

షాపులో, పార్శిల్‌లో

షాపులో గిటార్‌ని మొదట యాంప్‌కి కలపకుండానే వాయించండి. మంచి గిటార్ ఉత్తగానే కడుపుకి ఆనించుకుంటే ఊగడం తెలుస్తుంది. తర్వాత యాంప్‌లో రివర్బ్ తీసేయమనండి, రివర్బ్ వేస్తే అన్ని గిటార్లూ బాగానే ఉంటాయి. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి చూడండి. ఎక్కడైనా స్వరం చచ్చిపోతోందా, జిర్రుమంటోందా వినండి. నెక్ అంచు వెంట వేలు జార్చండి. ఫ్రెట్ కొసలు గీరుకుంటే ఎండాకాలంలో చెక్క ఇంకా కుంచించుకుని మరింత గీరుకుంటాయి. చివరిగా పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మోగించే స్వరం), అదే ఫ్రెట్ నొక్కి కొట్టిన స్వరం ట్యూనర్‌లో ఒక్కటిగా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే బ్రిడ్జ్ శాడిల్ సరిచేయించుకోవచ్చు, దానికి గిటార్‌ని వద్దనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా విప్పడం దగ్గర్నుంచి వీడియో తీయండి. మే నెలలో పార్శిల్ వస్తే డబ్బాని చల్లటి గదిలో కొన్ని గంటలు ఉంచి తర్వాత విప్పండి.

సెకండ్ హ్యాండ్ అయితే రెండు చూస్తే చాలు: ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందా, మొదటి ఐదు ఫ్రెట్లలో తీగల గుంతలు ఎంత లోతున్నాయి. లెస్ పాల్ అయితే నట్ వెనకాల నెక్ మీద సన్నటి గీత ఉందేమో టార్చి వేసి చూడండి. విరిగాక అతికించిన మెడ బాగానే వాయిస్తుంది కానీ ధర సగానికి రావాలి.

మా తమ్ముడు చివరికి పసిఫికా కొన్నాడు. రంగు మీద మాత్రం నా మాట వినలేదు, ఎర్రది తీసుకున్నాడు. పాత గిటార్ అమ్ముదామని చూస్తే రెండు వేలకి మించి ఎవరూ అడగలేదు. అమ్మొద్దన్నాను. దానికి కొత్త తీగలు వేసి, ట్యూన్ చేసి, ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంకీ స్పేర్‌గా తెస్తున్నాడు. మొన్న తీగ తెగింది నాకే, ఆ గుయ్‌మనే గిటార్‌ని నేనే మెళ్లో వేసుకుని, సీరియల్ బల్బులకి పక్కగా తిరిగి నిలబడ్డాను.